ఉగాది రోజుల్లో ఒక పూర్తి రోజు పిట్టలు చూడటం ఎలా? (అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు)

మోదుగ పూసిందంటే చాలు, జనం నుంచి నాకు అవే మూడు ప్రశ్నలు మొదలవుతాయి. పిట్టలు చూడాలంటే ఎక్కడికి పోవాలి? ఏ కెమెరా కొనాలి? చూసిన పిట్ట పేరు ఎలా తెలుస్తుంది?

మొదటిదానికి జవాబు: మీ ఊరి చెరువు దగ్గరికి. నేలపట్టు, కొల్లేరు లాంటి పేరున్న పిట్టల చోట్లు తర్వాత చూడొచ్చు. రెండోదానికి: కెమెరా వద్దు, కనీసం మొదటి ఏడాది వద్దు. మూడోదానికి రెండు ముక్కల్లో జవాబు లేదు, అందుకే ఇంత రాస్తున్నాను.

కాలం ముఖ్యం. ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా మన వైపు పిట్టలకు మంచి అదును. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చినవి ఇంకా కొన్ని ఉంటాయి. ఇక్కడే ఉండేవి జత కట్టి, గూళ్లు పెట్టి, గొంతెత్తి అరుస్తుంటాయి. చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి కొమ్మ మీద కూర్చున్నది కూర్చున్నట్టు కనిపిస్తుంది. చెరువులో నీళ్లు తగ్గి, అంతదాకా చెదిరి ఉన్న నీటిపిట్టలన్నీ ఒక మూలకు చేరతాయి. మే వచ్చిందంటే ఎండకు మీరూ తిరగలేరు, పిట్టలూ నీడ వదలవు.

కావలసినవి

- బైనాక్యులర్: 8×40 లేదా 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. షాపులో "ఇది 20 రెట్లు సార్" అంటే తీసుకోవద్దు. అంత పెద్దది చేతిలో నిలవదు, బొమ్మ వణుకుతుంది.
- చిన్న నోటు బుక్కు, పెన్సిల్. పెన్ను వద్దు. చెమట చేయి తగిలితే సిరా అలుక్కుపోతుంది.
- మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఒక సీసా మజ్జిగ. ఇది సలహా కాదు, తప్పనిసరి.
- మట్టి రంగు లేదా ఆకుపచ్చ బట్టలు, తలకు తువ్వాలు. తెల్ల చొక్కా బీడులో కిలోమీటరు దూరానికి కనిపిస్తుంది.
- మందం అట్ట ఉన్న బూట్లు. సర్కారు తుమ్మ ముల్లు చెప్పుల్లోంచి సూదిలా దిగుతుంది.
- ఫోన్‌లో మెర్లిన్ (పిట్టను గుర్తుపట్టడానికి), ఈబర్డ్ (చూసినవి ఎక్కించడానికి) అనే రెండు యాప్‌లు. రెండూ ఉచితం. భారతదేశం ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోండి, చేలల్లో సిగ్నల్ ఉండదు.

బైనాక్యులర్ లేదా? అయినా రండి. చింతతోపు, ఊరి చెట్లు, కరెంటు తీగలు కంటితోనే చూడొచ్చు. చెరువు దగ్గర మాత్రం కొంచెం నిరాశ పడతారు.

ముందు రోజు ఇంట్లో: బైనాక్యులర్ సరిచేసుకోవడం

"బైనాక్యులర్ కొన్నాను కానీ రెండు బొమ్మలు కనిపిస్తున్నాయి, తలనొప్పి వస్తోంది" అని చాలామంది అంటారు. లోపం వస్తువుది కాదు, సరిచేసుకోకపోవడమే. ఇలా చేయండి.

మిద్దె మీదికెళ్లి, దూరంగా ఉన్న ఏదో ఒక బోర్డు చూడండి. రెండు గొట్టాలను దగ్గరికీ దూరానికీ జరుపుతూ ఒకటే గుండ్రటి బొమ్మ వచ్చేదాకా సర్దండి. తర్వాత కుడివైపు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కన్నుతో చూస్తూ మధ్య చక్రం తిప్పండి. అక్షరాలు స్పష్టం కాగానే ఆపండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, కుడి కన్ను దగ్గరున్న చిన్న రింగు మాత్రమే తిప్పి స్పష్టం చేయండి. ఆ రింగును ఇక ముట్టుకోవద్దు. దాని మీద గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, రేపటి నుంచి మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు రబ్బరు కప్పులను లోపలికి మడవాలి లేదా తిప్పి దించాలి.

ఇంకొక అలవాటు. పిట్టను ముందు ఉత్త కంటితో పట్టుకోండి. చూపు దాని మీదే ఉంచి, తల కదపకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. కొత్తవాళ్లు చూపు దించి, అద్దం వంక చూసి, మళ్లీ ఆకాశంలో వెతుకుతారు. ఈలోపు పిట్ట పోతుంది. కరెంటు తీగ మీద కాకిని ఒక 20 సార్లు ఇలా పట్టుకుంటే చేతికి అదే వస్తుంది.

సూర్యుడి వైపు బైనాక్యులర్ ఎప్పుడూ ఎత్తొద్దు. కన్ను పోతుంది. పిల్లలతో వెళ్తే ఈ మాట ఇంట్లోనే నాలుగుసార్లు చెప్పండి.

1. మూడు చోట్లు ఎంచుకోండి, అంతకన్నా ఎక్కువ వద్దు

ఒక బీడు లేదా గుట్ట పక్క చేను, ఒక తోపు, ఒక చెరువు. మూడూ 10, 15 కిలోమీటర్ల లోపల ఉండాలి. అనంతపురం వాళ్లకు బుక్కరాయసముద్రం చెరువు పక్కనే ఉంది. తీరిక ఉంటే శింగనమల చెరువు. ధర్మవరం, బుక్కపట్నం వాళ్లకు వాళ్ల చెరువులే ఉన్నాయి.

చెరువును ఎంచుకునేటప్పుడు ఒక పొరపాటు చేస్తారు. నిండుగా ఉన్న చెరువుకు పోతారు. కాలువ నీళ్లు వదిలి, కట్టదాకా నిండిన చెరువులో లోతు ఎక్కువ, బాతులు, నీటికాకులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. సగం ఎండి, అంచున బురద తేలిన చెరువు మేలు. కాళ్లతో నడిచి తినే పిట్టలన్నీ ఆ బురదలోనే ఉంటాయి.

వెలుగు సంగతి కూడా ముందే చూసుకోండి. పొద్దున మీరు తూర్పున ఉండి పడమటికి చూడాలి, సాయంత్రం పడమట ఉండి తూర్పుకు చూడాలి. ఎదురెండలో చూస్తే ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. తప్పుగా రాసిన పేర్లలో చాలావరకు ఇలా వచ్చినవే.

2. పొద్దున 5.45: బీడులో నిలబడండి

మార్చి చివర్లో అనంతపురంలో పొద్దు పొడిచేది సుమారు 6.20కి. దానికి అరగంట ముందే చేరాలి. బండి దూరంగా ఆపి, మొదటి పది నిమిషాలు నడవొద్దు, మాట్లాడొద్దు. చెవులకు పని చెప్పండి. చీకట్లోనే పసులపోలిగాడు (చీలిన తోక ఉన్న నల్లపిట్ట) మొదలుపెడతాడు. దూరంగా నెమలి, తుప్పల్లో కౌజులు, ఎక్కడో తీతువు. పేర్లు తెలియకపోయినా "పొదలో, మూడు ముక్కలుగా, ఆపకుండా" అని రాసుకోండి.

మెర్లిన్‌లో శబ్దం గుర్తుపట్టే సదుపాయం ఉంది. ఆన్ చేసి జేబులో పెట్టుకోవచ్చు. కానీ అది చెప్పిన పేరు సాక్ష్యం కాదు, ఊహ మాత్రమే. పసులపోలిగాడు డేగ గొంతు అచ్చంగా అరుస్తాడు. గోరింకలు ఇతర గొంతులు ఎత్తుకుంటాయి. యాప్ డేగ అంది కదా అని డేగ అని రాస్తే తప్పవుతుంది. యాప్ చెప్పిన వైపు తిరిగి వెతకండి, కంటితో చూస్తేనే రాయండి.

ఒక హెచ్చరిక: ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవొద్దు. ఇది గూళ్ల కాలం. తన చోటుకు ఇంకో మగది వచ్చిందనుకుని, తిండి మాని, గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

3. వెలుగొచ్చాక 8 దాకా: తీగలు, తుప్పలు, నేల

ఈ గంటన్నరలో నిదానంగా అర కిలోమీటరు కంటే ఎక్కువ నడవొద్దు. 20 అడుగులు వేయడం, రెండు నిమిషాలు నిలబడటం. ఈ లెక్క పాటిస్తే చాలు.

కరెంటు తీగ మీద పాలపిట్ట దొరుకుతుంది. కూర్చున్నప్పుడు మట్టి రంగు, ఎగిరితే నీలం. ఈ రోజుల్లో మగది పైకి నిట్టనిలువుగా లేచి, గొంతు చించుకుని అరుస్తూ, పక్కలకు దొర్లుతూ కిందికి పడుతుంది. దసరాకు పాలపిట్ట కోసం వెతుక్కునేవాళ్లు ఆ ఆటను ఒక్కసారి మార్చిలో చూడాలి. అదే తీగ మీద పచ్చటి సన్న పసిరికలు ఈగను పట్టి, తీగకు కొట్టి మింగుతుంటాయి. తుప్ప కొసన నల్లగా, రెక్క మీద తెల్ల మచ్చతో కూర్చునేది కంప నల్లంచి. తోక నిగిడించి, కింద ఎర్రటి మచ్చ చూపించేది ఉత్త నల్లంచి. ఈ రెంటినీ కలిపేస్తారు. తోక ఎత్తుతోందా, తోక కింద ఏ రంగు ఉంది అని చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

నేల మీద చూపు పెట్టండి. కోసేసిన బుడ్డల (వేరుశనగ) చేలల్లో, రాళ్ల మిట్టల మీద పసుపు ముక్కు తీతువు ఉంటుంది. చెరువు దగ్గర అరిచే ఎర్ర తీతువు వేరు, ఇది వేరు. దీని కళ్ల ముందు పసుపు తోలు వేలాడుతుంది, నెత్తి నలుపు, ఎండు నేలను వదలదు.

ఆ తీతువు గురించి ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మార్చి చివర్లో ఒక బీడులో నడుస్తుంటే జంట తీతువులు నా ముందు పరుగెత్తి, అరిచి, తల మీదుగా తిరగడం మొదలుపెట్టాయి. గూడు దగ్గరే ఉందని అర్థమైంది. కాలు కదపకుండా అక్కడే కూర్చుని చుట్టూ గులకరాళ్లు ఒక్కొక్కటీ చూస్తూ వచ్చాను. చాలాసేపటికి, నా కుడి బూటుకు రెండడుగుల దూరంలో, ఒక రాయికి మచ్చలు ఉన్నట్టు అనిపించింది. రాయి కాదు, గుడ్డు. దాని పక్కన ఇంకో మూడు. నాలుగింటి సన్న కొసలూ లోపలికి తిరిగి, పువ్వు రెక్కల్లా ఉన్నాయి. కింద గడ్డి పోచ కూడా లేదు, ఉత్త గులకరాళ్లే. పక్కనే మేక గిట్ట అచ్చు పడి ఉంది, నాలుగు వేళ్ల దూరం. నేను ఇంకో అడుగు వేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ గుర్తొస్తుంది.

కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. పిట్ట మీ చుట్టూ తిరిగి అరుస్తుంటే, రెక్క విరిగినట్టు నటిస్తూ ముందు దేకుతుంటే, మీరు గూటి దగ్గర ఉన్నట్టు. ఆగండి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోండి. ఫొటో కోసం కూర్చోవద్దు. మీరున్నంతసేపు తల్లి గుడ్ల మీదికి రాదు, ఆ ఎండకు గుడ్లు లోపలే ఉడికిపోతాయి. గూడు ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

పాముల విషయం: పొద్దున చల్లగా ఉన్నప్పుడు రాళ్ల మధ్య, గట్ల మీద రక్తపింజరి ఉండొచ్చు. పొదలో చేయి పెట్టొద్దు, రాయి తిప్పొద్దు. కాటు వేస్తే కట్లు, కోతలు, నాటుమందు ఏమీ వద్దు. కదలకుండా ఉంచి నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చేనులోకి దిగేముందు ఎవరైనా కనిపిస్తే అడగాలి. మెడలో బైనాక్యులర్ ఉంటే మన వైపు ఠక్కున వచ్చే అనుమానం ఒకటే.

"ఏమప్పా, సోలారోళ్లా? సర్వేకొచ్చినారా?"

"కాదన్నా, పిట్టలు చూస్తాండాం."

"పిట్టల్లో ఏముంది చూసేకి?"

అప్పుడు బైనాక్యులర్ ఆయన చేతికివ్వండి. నిజంగా ఇవ్వండి. నాకు పొలంకలు (బీడుల్లో ఉండే, గువ్వల్లాంటి పిట్టలు) చూపించింది అలా పరిచయమైన ఒక గొర్రెల కాపరే. పిట్ట పేరు, గూడు పెట్టే చోటు, నీళ్లకు వచ్చే వేళ అన్నీ వాళ్లకు తెలుసు. పెద్దవాళ్లయితే పెద్దాయనా అనండి, ఆడవాళ్లయితే అక్కా అనండి. వాళ్లు చెప్పే పేరును ఉన్నది ఉన్నట్టు నోటు బుక్కులో రాసుకోండి.

4. 8 నుంచి 9.30: కుంట దగ్గర కూర్చోవడం

బీడులో ఎక్కడైనా చిన్న నీటి కుంట ఉంటే ఈ గంటన్నర దానికే ఇవ్వండి. పొలంకలు గింజలు తినే పిట్టలు, ఎండు గింజలకు నీళ్లు కావాలి. పొద్దెక్కాక గుంపులుగా ఎగిరి వస్తాయి. ముందు గొంతు వినిపిస్తుంది, తర్వాత కోసుగా ఉండే రెక్కలు, సూది లాంటి తోక. నీళ్లకు దూరంగా దిగి, కాసేపు మెడలెత్తి చూసి, పొట్టి కాళ్లతో గబగబా నడిచి వచ్చి, నాలుగు గుక్కలు తాగి ఎగిరిపోతాయి. మొత్తం నిమిషం కూడా పట్టదు. ఈ జాతిలో పిల్లలున్న మగది పొట్ట ఈకలు నీళ్లలో నానబెట్టుకుని పోయి పిల్లలకు ఆ తడి తాపుతుంది.

అందుకే కుంట అంచున కూర్చోవద్దు. కనీసం 50 గజాలు వెనక్కి, తుమ్మ నీడన, వీపు చెట్టుకు ఆనించి కూర్చోండి. మీరు అంచున ఉంటే అవి రెండు చుట్లు తిరిగి, తాగకుండానే పోతాయి. కుంట లేకపోతే గొర్రెలకు నీళ్లు పోసే తొట్టి, కారే పైపు కూడా పనికొస్తాయి. పొలంకలు రాకపోవచ్చు గానీ గువ్వలు, పిగిలి పిట్టలు, పిచ్చుకలు తప్పక వస్తాయి.

5. 9.30 నుంచి 11: పూసిన చెట్టు కింద

తోపంతా తిరగొద్దు. పూత మీద ఉన్న చెట్టు ఒకటి వెతికి, దాని కిందే కూర్చోండి. మోదుగ, బూరుగ ఇందుకు మంచివి. గంటలో పది రకాలు ఆ చెట్టుకే వస్తాయి. తేనెపిట్ట మగది ఈ కాలంలో నల్లగా, ఎండ తగిలితే ఊదా రంగులో మెరుస్తుంది. గులాబీ గోరింకలు గుంపులుగా దిగితే చెట్టు కనిపించదు. చలికాలమంతా జొన్న చేల మీద పడి రైతులతో తిట్లు తిన్నవి ఇవే. ఏప్రిల్‌లో మధ్య ఆసియాకు తిరుగు ప్రయాణం కడతాయి.

రామచిలుకలు ఈ రోజుల్లో తొర్రల కోసం మైనాలతో, పైడికంటి గూబలతో గొడవ పడుతుంటాయి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుకే. దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. తొర్రలోంచి పిల్లలను తీస్తున్నవాళ్లు కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి.

6. 11 తర్వాత: ఆపేయండి

ఇంటికి పోండి. సంగటి తిని పడుకోండి. ఆ ఎండలో తిరిగితే పిట్టలు కనిపించవు, ఎండదెబ్బ తగులుతుంది. పడుకునే ముందు పొద్దుటి గీతలను చదవగలిగేలా తిరగరాసుకోండి, సాయంత్రానికి సగం మరిచిపోతారు.

7. 4 నుంచి చీకటి దాకా: చెరువు

కట్ట మీద నిలబడితే మీ తల ఆకాశానికి ఎదురుగా కనిపించి పిట్టలు జరుగుతాయి. కట్ట వాలులో, తూము దగ్గర, మరవ గోడ నీడన కూర్చోండి.

ముందు లెక్క, తర్వాత పేర్లు. గుంపును లెక్కపెట్టడం ఇలా: పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. ఆ కొలతతో గుంపు మొత్తాన్ని కొలవండి. 14 కొలతలైతే 140. రెండుసార్లు చేసి, రెండింటికీ చాలా తేడా ఉంటే మూడోసారి చేయండి. "వేలల్లో ఉన్నాయి" అనేది లెక్క కాదు.

తెల్ల కొంగల దగ్గర అందరూ తడబడతారు. పశువుల కొంగకు ఈ కాలంలో తల, మెడ, వీపు కాషాయ రంగుకు తిరుగుతాయి, దాన్ని కొత్త పిట్ట అనుకుంటారు. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, వేళ్లు మాత్రం పసుపు. పెద్ద తెల్లకొంగకు మామూలుగా ముక్కు పసుపే, కానీ జతకట్టే కాలంలో నల్లబడుతుంది. కాబట్టి ముక్కు ఒక్కటే చూసి పేరు పెట్టొద్దు. అది బురదలోంచి కాలు ఎత్తేదాకా ఆగి వేళ్లు చూడండి.

బాతుల్లో ముక్కు కొసన పసుపు, ముక్కు మొదలు దగ్గర ఎర్ర చుక్కలు ఉంటే అది ఇక్కడిదే, ఏడాదంతా ఉంటుంది. గరిటె లాంటి ముక్కు ఉన్నవి, సూది లాంటి తోక ఉన్నవి చలికాలపు చుట్టాలు. వాటిని చూస్తే తేదీ తప్పక రాయండి. తల మీద రెండు నల్ల పట్టీలున్న పట్టెతల బాతులు హిమాలయాలు దాటి వచ్చేవి, ఉగాదికి చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. కనిపిస్తే అదృష్టం.

పొద్దు గూకేది 6.30కి. చివరి ముప్పావు గంట లేవొద్దు. కొంగలు, నీటికాకులు, చిలుకలు గూటికి చేరే దారి అప్పుడే తెలుస్తుంది. ఏ దిక్కు నుంచి ఏ చెట్టుకు పోతున్నాయో రాసుకుంటే వచ్చేసారి ఎక్కడ కూర్చోవాలో అదే చెబుతుంది.

8. రాత్రి: జాబితా సరిచూసుకోవడం

ఇది మానేసేవాళ్లే ఎక్కువ. పది నిమిషాల పని. ప్రతి పేరు పక్కన మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని నేను కంటితో చూశానా, యాప్ చెప్పిందా? పుస్తకంలో, యాప్‌లో దీన్ని పోలిన ఇంకో పిట్ట ఉందా, ఉంటే అది కాదని ఎలా చెప్పగలను? మన ప్రాంతంలో, ఈ నెలలో ఇది ఉంటుందా? మూడోదానికి ఈబర్డ్‌లో మీ జిల్లా పేరు కొట్టి నెలవారీ పట్టీ చూస్తే సరిపోతుంది.

మూడింటికీ జవాబు ఉంటే టిక్కు పెట్టండి. ఒక్కదానికి లేకపోయినా ప్రశ్న గుర్తు పెట్టి, "ఏదో డేగ", "ఏదో ఉల్లంకి" అని రాయండి. అలా రాయడం తప్పు కాదు, తప్పు పేరు రాయడమే తప్పు. ఈబర్డ్‌లో ఎక్కించేటప్పుడు లెక్కపెట్టనివాటికి ఊహించి అంకె వేయొద్దు.

మొదటి రోజు 25, 30 రకాలు వస్తే బాగా చూసినట్టే. 15 వచ్చినా టెన్షన్ వద్దు. మొదటిసారే 80 వచ్చాయంటే మాత్రం జాబితా మళ్లీ మొదటి నుంచి చూడండి.

తరచూ జరిగే పొరపాట్లు

కూకుడు గువ్వను వడ్రంగి పిట్ట అనడం. నెత్తిన విసనకర్ర లాంటి కిరీటం, పొడుగు ముక్కు, నలుపు తెలుపు చారల రెక్కలతో ఇంటి ముందు నేలలో పొడుస్తూ తిరిగేది కూకుడు గువ్వ. వడ్రంగి పిట్ట చెట్టు మానుకు నిలువుగా అంటుకుని ఉంటుంది. నేల మీదా, మాను మీదా అని చూడండి, చాలు.

జెముడుకాకిని కోయిల అనడం. జెముడుకాకికి రెక్కలు ఇటుక రంగు, పొదల్లో నడుస్తుంది, "కూప్ కూప్" అని బరువుగా అంటుంది. కోయిల మగది ఒళ్లంతా నలుపు, కన్ను ఎరుపు. కుహూ అనేది అదే. గోధుమ రంగు మీద తెల్ల చుక్కలున్నది ఆడ కోయిల. దాన్ని డేగ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. కాకి గూటి చుట్టూ తచ్చాడుతుంటే అదే అయ్యుంటుంది.

చింతచెట్ల మీది పెద్ద కొంగలను సైబీరియా కొంగలు అనడం. ఇది ఊళ్లల్లోనే కాదు, వార్తల్లో కూడా వస్తుంది. పసుపు ముక్కు, రొమ్ము మీద నల్ల పట్టీ, తోక దగ్గర గులాబీ రంగు ఉన్నవి ఎర్రకాళ్ల కొంగలు. అవి మన దేశపు పిట్టలే, నీళ్లు, చేపలు ఉన్నచోటికి తిరుగుతుంటాయి. అసలు సైబీరియా కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది, 2002 తర్వాత అక్కడా కనిపించలేదు.

రోజంతా కొత్త చోట్లకు పరుగెత్తడం. పది చోట్లు తిరిగినవాళ్ల జాబితా కన్నా మూడు చోట్ల కూర్చున్నవాళ్ల జాబితా ఎప్పుడూ పెద్దది. నేను రెండు రకాలుగానూ చేసి చూశాను.

మీరు అనంతపురం పక్కన లేకపోతే

హిందూపురం, లేపాక్షి వైపు వాళ్లు చిలమత్తూరు మండలం వీరాపురం పోవాలి. ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడబిడ్డల్లా కాపాడుకుంటారు. అక్కడ చప్పట్లు కొట్టి ఎగరగొట్టడం, డ్రోన్ ఎగరేయడం చేస్తే ఊరివాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు. చెట్టు కింద నిలబడొద్దు. బెదిరిన పిల్ల గూటిలోంచి జారి పడితే మళ్లీ పైకి చేరలేదు.

కర్నూలు వాళ్లకు తుంగభద్ర ఒడ్డు, గార్గేయపురం చెరువు దగ్గర. ఒక రోజు పూర్తిగా ఉంటే రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బట్టమేక ఆశతో పోవద్దు. గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో తేలిపోయే పిల్లి గద్దలు ఫిబ్రవరిలో ఇంకా ఉంటాయి, కృష్ణజింకలు ఏడాదంతా ఉంటాయి. అటవీశాఖ అనుమతి తీసుకుని, వాళ్ల మనిషితోనే తిరగాలి.

కడప వాళ్లకు ఒంటిమిట్ట చెరువు, సిద్ధవటం దగ్గర పెన్న ఇసుక. లంకమల అడవిలో కలివి కోడి కోసం రాత్రి టార్చి పట్టుకుని పోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. అప్పుడు దాన్ని పట్టి చూపించింది ఆ ఊళ్ల వైపు పిట్టలు పట్టి బతికే మనిషే. రాత్రి తిరిగే పిట్ట, ముళ్ల తుప్పల మధ్య ఖాళీ నేలే దాని ఇల్లు. అనుమతి లేకుండా ఆ అడవిలోకి పోవడం నేరం, అంతకన్నా ముఖ్యంగా ఉన్న కొద్దివాటిని మనం తొక్కేస్తాం.

మళ్లీ ఎప్పుడు?

రెండు వారాలకు, అవే మూడు చోట్లకు, అవే వేళలకు. ఏప్రిల్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పోతే ఎవరెవరు వెళ్లిపోయారో తెలుస్తుంది. చెరువు అంచున పసుపు పొట్టతో తోక ఆడించే పిట్ట ఉంటుంది కదా, దాన్ని చివరిసారి చూసిన తేదీ రాసి, ఆ పక్క పేజీ ఖాళీగా ఉంచండి. వానలు తగ్గాక అది తిరిగొచ్చిన తేదీ అక్కడే రాయాలి.